విప్పని ఇంజను

డిసెంబరు 2

మామయ్యా,

ఆరేళ్ళుగా అడగాలనుకుంటూ గొంతులోనే ఆపేసుకుంటున్న ప్రశ్న ఒకటుంది. కుశలాలకంటే ముందు దాన్నే రాసేస్తున్నాను, లేకపోతే కాగితం చివరికొచ్చేసరికి ఎప్పటిలాగే మనసు మార్చుకుంటాను. ఆ రోజు నీ షెడ్డులో అన్నయ్య లారీ బానెట్టు మీద చెయ్యేసి, "బేరింగు పోయిందిరా పెద్దోడా, ఇంజను దించాల్సిందే" అన్నావు చూడు, అప్పుడు నీకు ఆ శబ్దం నిజంగా వినిపించిందా?

నిలదీయడానికి అడగడం లేదు. ఇంజను దించి విప్పితే బేరింగులన్నీ శుభ్రంగా ఉండడం, మోతంతా పొగగొట్టం మొదట్లో కాలిపోయిన ఒక్క గాస్కెట్‌దని తేలడం, ఈలోగా క్వారీ పని వేరేవాళ్ళకి పోయి అన్నయ్య పరాయి బండి తోలుకోవడం, నలుగురి ముందూ నిన్ను అనరాని మాటలనడం, నువ్వు షెడ్డుకి తాళం వేసి మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోవడం, అన్నీ జరిగిపోయినవే. తవ్వితే ఎవరికీ సుఖం లేదు. కానీ అదే లారీలో మళ్ళీ శబ్దం వస్తోంది.

ఎలాంటి శబ్దమని అడుగుతావు. క్లాసులో గంటసేపు అనర్గళంగా మాట్లాడేదాన్ని, ఒక్క చప్పుడుకి మాట దొరక్క చిత్తుకాగితం నింపేశాను. టిక్కు టిక్కు అంటే గడియారంలా ఉంది, కానీ గడియారం ఇంత కంగారుగా ఉండదు. పక్కగదిలో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టుంది. ఆయిల్ ప్రెషర్ మీటరులో ముల్లు ఇదివరకు నిలిచే చోటికి సగం దూరంలోనే ఆగిపోయి వణుకుతోంది. అన్నయ్యని అడిగితే, "పాత బండి, గొణుక్కుంటుంది. నువ్వు గొణుక్కోవూ?" అన్నాడు. ఇంజను విప్పడమన్న మాట ఎత్తితే చాలు, కంచం ముందునుంచి లేచిపోతాడు.

నా భయం లారీ గురించి కాదు. మళ్ళీ క్వారీ పని దొరికాక రోజూ రాళ్ళ లోడుతో ఆ కొండ దిగుతున్నాడు. పోయినేడు ఆ దిగుడులోనే ఒక లారీ ఇంజను పట్టేసింది. ఇంజను ఆగితే స్టీరింగు బిగుసుకుపోతుందనీ, బ్రేకులకి గాలి అందదనీ చెప్పింది నువ్వే. ఆ డ్రైవరు భార్య ఇప్పుడు మా కాలేజీలో మొక్కలకి నీళ్ళు పోస్తోంది. రోజూ ఆవిడ పక్కనుంచే లోపలికి వెళ్తాను.

మా కాలేజీ ఆఫీసులో ఫోనుంది కానీ నీ చెవులకి అది పనికిరాదు. అందుకే ఉత్తరం. అన్నయ్యకి చెప్పలేదు, జవాబు కాలేజీకే రాయి.

నీ మేనకోడలు


డిసెంబరు 8

ఏమోగారికి,

ఏదడిగినా "ఏమో" అనేదానివి చిన్నప్పుడు. ఆకలేస్తోందా అంటే కూడా అదే మాట. ఆ పేరు పెట్టింది నేను, తీసే హక్కూ నాదే, ఇంకా తియ్యలేదు.

నీ మొదటి ప్రశ్న చదివాను. రెండోదానికి జవాబు రాస్తున్నాను.

టిక్కుమంటోంది అంటే ఏం తెలుస్తుందే నాకు? సంబంధం చూసొచ్చి పిల్ల బాగుంది అన్నట్టుంది. పొడుగా, పొట్టా, మెల్లకన్నా? సరిగ్గా చూసి రాయి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి విను, బాగా వేడెక్కాక ఇంకోసారి విను. అసలు కీలకమంతా అందులోనే ఉంది. చల్లగా ఉన్నప్పుడు మోగి, వేడెక్కాక మాయమైందనుకో, అది గాస్కెట్టు. ఇనుము వేడికి ఉబ్బుతుంది, సందు మూసుకుంటుంది, నోరూ మూసుకుంటుంది. ప్రాణాల మీదికి రాదు. అలా కాక చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండి, వేడెక్కాక మోగిందనుకో, అది చెడ్డది. ఆయిలు వేడికి నీళ్ళలా పల్చబడి, అరిగిన బేరింగు దగ్గర నిలవడం లేదన్నమాట. ఇనుమూ ఇనుమూ కొట్టుకుంటున్నాయన్నమాట. ముల్లు కూడా అంతే, చల్లగా ఉంటే నిక్కుతుంది, వేడికి వాలుతుంది. ఎప్పుడు ఎక్కడుందో చూడు.

చెవితో వినకు, చెవి మోసం చేస్తుంది. తుడుపుకర్ర తీసుకో. ఒక కొస ఇంజను మీద, ఇంకో కొస చెవి వెనక ఎముక మీద ఆనించు. పైన మోగుతోందా, పక్కన పొగగొట్టం దగ్గరా, కిందా అన్నది తెలుస్తుంది. జడ ముడేసుకో. లోపల తిరిగే ఫ్యానుకి నువ్వు లెక్చరరువని తెలియదు.

మీ అన్న ఒప్పుకుంటే ఇవేవీ అక్కర్లేదు. లారీ మీటరు పక్కన పెట్టి, వేరే మీటరు ఇంజనుకే నేరుగా బిగిస్తే ముల్లు నిజం చెప్తోందో అబద్ధమాడుతోందో ఒక్క పూటలో తేలిపోతుంది. కానీ వాడు బండికి పూట సెలవివ్వడు. నా పేరు చెప్తే అసలే ఇవ్వడు.

ఒంట్లో బాగానే ఉంది. మా అమ్మాయి నాతో మాట్లాడాలంటే పలక మీద రాస్తోంది. మనవడు ఆ పలక మీద నా బొమ్మ వేశాడు, చెవులు మాత్రం ఏనుగంత.

మామయ్య


డిసెంబరు 14

మామయ్యా,

విన్నాను. ఎంత జాగ్రత్తగా విన్నానంటే, నా మీద నాకే అనుమానం వచ్చి మళ్ళీ మర్నాడు విన్నాను, ఆ మర్నాడూ విన్నాను.

పొద్దున్నే ఇంకా మంచు విడవకముందు, అన్నయ్య బయల్దేరే ముందు, లారీలు ఆపే ఆవరణకి వెళ్ళాను. అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చానన్నాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. అక్కడి ముసలి వాచ్‌మన్ లారీకి ఆనుకుని, బానెట్టు మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు. ఇంజను నడుస్తోంది. టిక్కు టిక్కుమంటోంది, స్పష్టంగా. క్యాబిన్‌లోకి తొంగిచూస్తే ముల్లు అడుగునుంది. కర్ర ఆనించాను కానీ, పైన ఆనిస్తే పైనుంచే వస్తోందనిపించింది, పక్కన ఆనిస్తే పక్కనుంచే. కర్రలో కూడా నా సందేహమే మోగుతోందేమో.

సాయంత్రం కూడా విన్నాను. అన్నయ్య మధ్యాహ్నం ట్రిప్పులు ముగించుకుని వచ్చి, తిని, కునుకు తీసి, పొద్దు వాలాక దగ్గర్లోని బంకుకి డీజిలు కోసం బయల్దేరతాడు. కూరగాయల వంక పెట్టి బండెక్కాను. రోజంతా కొండెక్కి దిగిన ఇంజను కదా, ఇంతకంటే వేడి ఏముంటుందనుకున్నాను. చప్పుడు లేదు. ముల్లు పైకి లేచి నిలబడింది. అన్ని రోజులూ ఇదే వరస. పొద్దున మోత, సాయంత్రం మౌనం.

వదిన మాత్రం పట్టేసింది. తుడుపుకర్ర చంకలో పెట్టుకుని లోపలికొస్తుంటే, "ఏం మరదలా, పెద్ద చదువులు చదివింది దీనికేనా? ఇంట్లో ఒక్కనాడు పట్టుకోని కర్ర లారీకి పట్టుకెళ్ళావు" అంది. నవ్వేసి ఊరుకుందనుకున్నాను. రాత్రి కంచాలు కడుగుతూ మెల్లగా అడిగింది, "ఏమంటోంది బండి?" అని. నేను జవాబు చెప్పకముందే తనే, "చెప్పకులే, నాకు నిద్ర పట్టదు" అంది.

త్వరగా రాయి.

నీ మేనకోడలు


డిసెంబరు 20

ఏమోగారూ,

హాయిగా ఊపిరి పీల్చుకో. చల్లటి పొద్దున మోత, వేడి సాయంత్రం మౌనం. అది గాస్కెట్టే. ఆరేళ్ళ కిందట పోయినదే మళ్ళీ పోయింది. మార్చిన వెధవెవడో పని సరిగ్గా చెయ్యలేదన్నమాట.

ముల్లు సంగతి రెండు రోజులు ఆలోచించాను. చల్లగా ఉన్నప్పుడు వాలి, వేడికి లేవడమేమిటి? ప్రపంచంలో ఏ ఇంజనూ అలా చెయ్యదు. కాబట్టి ముల్లే అబద్ధాలకోరు. మీటరుకెళ్ళే తీగ ఎక్కడో చలికి పట్టు వదిలి, వేడికి అతుక్కుంటోంది. దాన్ని నమ్మకు.

ఈ ఉత్తరం వాడికి చూపించు. నా పేరు చెప్పు, పరవాలేదు. పెద్దోడా, ఈసారి ఇంజను విప్పొద్దు. ఎవడు విప్పమన్నా విప్పకు. తీరిక చూసుకుని గాస్కెట్టు మార్చుకో, మీటరు తీగ బిగించుకో. అంతే. ఈ మాట చెప్పడానికి నాకు ఆరేళ్ళు పట్టిందిరా.

మా అమ్మాయి ఇవాళ పలక మీద "ఎందుకు నాన్నా నవ్వుతున్నావు" అని రాసింది. నవ్వుతున్నానని నాకు తెలియనే లేదు.

మామయ్య


డిసెంబరు 27

మామయ్యా,

ఎంత పని చేశావో తెలుసా? అన్నయ్య అన్నం తింటుండగా ఉత్తరం తీశాను. నీ పేరు వినగానే చెయ్యి ఆగిపోయింది. లేచిపోతాడేమోనని ముందున్నవన్నీ వదిలేసి, చివర నువ్వు వాడికి రాసిన మాటలు మాత్రం చదివాను. "ఆరేళ్ళు పట్టిందిరా" దగ్గరికి వచ్చేసరికి వాడి మొహం చూడాల్సింది. మెతుకులు కెలుకుతూ, "విప్పొద్దన్నాడా? ఆయనే అన్నాడా?" అన్నాడు. "ఇంకోసారి చదువు."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. మాకెవరికీ చెప్పకుండా నెలాఖరుకి ఇంజను దింపించడానికి మేస్త్రీతో మాట్లాడుకున్నాడట. వాడికీ లోపల భయం ఉందన్నమాట. "మామయ్య వద్దన్నాడంటే ఇంక ఆలోచించేదేముంది" అని, చెయ్యి కడుక్కోగానే వెళ్ళి ఆ మేస్త్రీకి వద్దని చెప్పేసి వచ్చాడు. వారం పైగా నిద్రలేని వదిన ఆ రాత్రి నిద్రపోయింది.

నీ మాట నిజమయ్యేలాగే ఉంది. వాచ్‌మన్‌కి జ్వరమొచ్చి ఇంటికి వెళ్ళిపోయాడు. దాంతో పొద్దున్నే బండి స్టార్ట్ చేసి బ్రేకుల ట్యాంకుల్లో గాలి నింపే పని అన్నయ్య మీద పడి, సణుక్కుంటూ చేసుకుంటున్నాడు. నేను నిన్నా ఇవాళా స్టార్ట్ చేస్తుండగానే దగ్గరుండి విన్నాను. వణికించే చలి, అయినా చప్పుడే లేదు, ముల్లు నిటారుగా నిలబడింది. తీగ దానంతటదే అతుక్కుందేమో. అన్నయ్య ఏదో రాస్తానంటున్నాడు, కాగితం వదిలేస్తున్నాను.

మామయ్యా, అక్షరాలు చూసి నవ్వకు. వేసవిలో వచ్చి నా దగ్గర ఉండు. నువ్వు వదిలెళ్ళిన షెడ్డు తాళంచెవి నా దగ్గరే ఉంది, తుప్పు పట్టనివ్వలేదు. ఆ రోజు అన్నవి మనసులో పెట్టుకోకు. పెద్దోడు.


జనవరి 2
తంతి

బండి వెంటనే ఆపండి. ఇంజను విప్పండి. మామయ్య.


జనవరి 2

అమ్మా,

తంతి ఇచ్చి వచ్చి ఇది రాస్తున్నాను. అందులో కారణాలు పట్టవు. గబగబా రాస్తున్నాను, కూడబలుక్కుని చదువుకో.

వాచ్‌మన్ గాలి నింపుతాడని నువ్వు ముందు రాయలేదు. అంటే పాత బండి, రాత్రికి ట్యాంకుల్లో గాలి కారిపోతుంది, అందుకని చీకటుండగానే వాడు ఇంజను స్టార్ట్ చేసి వదిలేస్తున్నాడు. నువ్వు వెళ్ళేసరికి అది కుతకుతలాడుతోంది. చేతులు బానెట్టు మీద పెట్టుకున్నాడని రాశావు. చలి కాచుకుంటున్నాడే వాడు! చల్లటి ఇంజను మీద ఎవడు చలి కాచుకుంటాడు? చదివి కూడా నాకు బుర్రకెక్కలేదు. నువ్వు చల్లగా ఉందనుకున్నది వేడి ఇంజను. సాయంత్రం పెద్దోడు తిని పడుకుని లేచేదాకా ఆ చలిలో నిలబడింది, అది చల్ల ఇంజను. వాచ్‌మన్ లేని పొద్దున నిజంగా చల్లగా ఉంది, అందుకే మౌనంగా ఉంది. అంతా తిరగేసి చదువుకో. వేడెక్కాక మోత, వేడెక్కాక ముల్లు వాలడం. ముల్లు మొదటినుంచీ నిజమే చెప్పింది. నేనే దాన్ని అబద్ధాలకోరన్నాను.

అది బేరింగు. వాడు మేస్త్రీకి వద్దని చెప్పింది నా మాట మీద. ఇంకొక్క లోడు కూడా దించనివ్వకు. చక్రాల కింద రాళ్ళు పెట్టు, తాళం దాచెయ్, ఏమైనా చెయ్యి. అల్లుడు మీ కాలేజీకి ఫోను చేస్తే సెలవులట, ఎవరూ ఎత్తలేదు. అందుకే ఇది ఇంటికే పంపిస్తున్నాను. నేనే బయల్దేరేవాణ్ణి, మా అమ్మాయి చెప్పులు దాచేసింది.

మామయ్య


జనవరి 4

మామయ్యా,

నీ తంతి వచ్చింది. ఎందుకు మామయ్యా? ఏమైంది నీకు?

అన్నయ్య దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. "మళ్ళీ మొదలెట్టాడు" అన్నాడు, అంతే. "విప్పొద్దు, ఎవడు విప్పమన్నా విప్పకు అన్నది ఈయన. విప్పు అంటున్నదీ ఈయన. నేనేమన్నా ఆయనకి ఆటబొమ్మనా?"

"ఏదో కారణం ఉంటుంది కదా అన్నయ్యా" అన్నాను.

"చెప్పు మరి, ఏంటా కారణం?"

నాకు తెలిస్తే కదా. కనీసం ఒక్క పూట బండి ఆపి వేరే మీటరు బిగించి చూద్దామన్నాను. "ఎవడి మీటరు? ఆయన చెప్పిన మీటరేనా?" అన్నాడు. వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఉత్తరం వచ్చేదాకా ఆగు, నీ కాళ్ళు పట్టుకుంటా" అంది. "పోయినసారి ఆగితే పనే పోయింది" అని పక్కకి తప్పించుకుని వెళ్ళిపోయాడు. నిన్నా వెళ్ళాడు, ఇవాళా వెళ్ళాడు.

నేను కూడా గట్టిగా పట్టుబట్టలేదు. ఎవరి మాట నమ్మాలో తెలియలేదు. ముందు ఉత్తరంలో అన్నీ వివరించి రాశావు, తంతిలో ఒక్క ముక్క లేదు. వివరమున్న మాటే నిజమనిపించింది. చదువుకున్నదానికి ఉండే జబ్బేమో ఇది. వెంటనే ఉత్తరం రాయి. రాసే ఉంటావు, దారిలో ఉండి ఉంటుంది. పోస్టు బంట్రోతు కోసం గేటు దగ్గర నిలబడి రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి.

నీ మేనకోడలు


జనవరి 10

మామయ్యా,

ముందు ఈ మాట. అన్నయ్య బతికే ఉన్నాడు.

నేను గేటు దగ్గర ఎదురుచూసిన రోజే జరిగింది. లోడుతో దిగుతుంటే ఇంజను ఒక్క పెట్టున పట్టేసిందట. స్టీరింగు రెండు చేతులకీ లొంగలేదు. బ్రేకులో మిగిలిన గాలితో వేగం కాస్త తగ్గించి, రోడ్డు పనికి పోసిన కంకర గుట్టలోకి తోశాడు. గుట్టెక్కి పక్కకి ఒరిగింది. తొడ ఎముక విరిగింది, పక్కటెముకలు నలిగాయి. కాలు మామూలుగా అవుతుందా అంటే డాక్టరు "చూద్దాం" అంటున్నాడు. "చూద్దాం" అనే మాట నేను కూడా క్లాసులో ఎన్నిసార్లు అంటానో.

నీ ఉత్తరం ఆ మర్నాడు వచ్చింది. వార్డు బయట బల్ల మీద కూర్చుని చదివాను. వాచ్‌మన్ చేతుల దగ్గరికి వచ్చి, ఆ వాక్యమే మళ్ళీ చదివాను. ప్రతిదాన్నీ అనుమానించేదాన్ని, పొద్దున అంటే చల్లగా ఉంటుందన్న ఒక్కదాన్నే అనుమానించలేదు. నా చేతులు చల్లగా ఉన్నాయి కదా, అందుకు.

అన్నయ్య మగతలోనే ఒక మాటన్నాడు. "దిగుడులో కూడా మోగుతూనే ఉందే. గాస్కెట్టే కదా, విప్పొద్దన్నాడు కదా అని పట్టించుకోలేదు." గాస్కెట్టయితే వేడెక్కాక మోగకూడదని నువ్వు రాసిన భాగం నేను వాడికి చదవనే లేదు.

మామయ్యా, నువ్వు దీన్ని నీ నెత్తిన వేసుకోకు. నువ్వు విన్నది నా చెవులతో.

నీ మేనకోడలు


జనవరి 17

అమ్మా,

వాడు బతికాడు. ఆ ఒక్క వాక్యమే రోజూ చదువుకుంటున్నాను, మిగతాది మడిచి పెట్టాను.

నీ మొదటి ప్రశ్నకి ఇప్పుడు జవాబు రాస్తాను. ఆ రోజు షెడ్డులో నాకు శబ్దం వినిపించింది. ఒట్టు. కింద బేరింగు కొట్టుకుంటున్నట్టే స్పష్టంగా వినిపించింది. ఇంజను ఆపించాను. ఆపాక కూడా వినిపించింది. గోడ అవతల ఇంకో బండిదేమో అనుకున్నాను. ఇంటికెళ్ళాక, పడుకున్నాక కూడా వినిపించింది. ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది, మిగతావన్నీ పోయాయి, అదొక్కటే మిగిలింది. అది నా చెవిలోదని డాక్టరు చెప్పేసరికి వాడి ఇంజను విప్పడమూ అయిపోయింది, వాడు నన్ను అనడమూ అయిపోయింది. అప్పుడు లేని రోగం ఉందన్నాను, ఇప్పుడు ఉన్న రోగం లేదన్నాను.

ఒక్కటడుగుతాను, కాదనకు. ఆ ఇంజను విప్పించు. బేరింగు ఎలా ఉందో చూసి, ఉన్నది ఉన్నట్టు నాకు రాయి. అది పాతగా అరిగి పోయిందా, లేకపోతే ఆ రోజు దిగుడులో రాయి తగలడంలాంటిది ఇంకేదైనా జరిగిందా? నాకు తెలియాలి. నా మీద జాలిపడి దాచిపెట్టకు. తెలియకుండా మాత్రం నన్ను పోనివ్వకు.

మామయ్య


జనవరి 25

మామయ్యా,

లారీని లాక్కొచ్చి ఆవరణలో పాత చోటే పెట్టారు. మేస్త్రీ కింద దూరి చూశాడు. ఆయిలుండే ఛాంబరు అడుగున అరచేతంత పగులుంది. "దారిలో రాయి తగిలి పగిలి, ఆయిలు కారిపోయి పట్టేసిందా, పట్టేసి గుట్టెక్కాక పగిలిందా, బయటినుంచి ఎవడూ చెప్పలేడమ్మా" అన్నాడు. "విప్పితే చెప్తాను. బేరింగు రేకులు పల్చగా అరిగుంటే పాత రోగం. మందం అలాగే ఉండి మాడిపోతే, అప్పటికప్పుడు జరిగిన పని."

ఈ మాట అన్నయ్యకి చెప్పాను. ఇప్పుడు దిండు ఆనుకుని కూర్చుంటున్నాడు. కాలు ఇంకా పైకి కట్టి ఉంది. వదిన వాడికి గడ్డం గీస్తోంది. సబ్బు నురగలోంచే, "విప్పొద్దు" అన్నాడు. "అలాగే పాత ఇనుము కొనేవాడికి ఇచ్చెయ్. మామయ్యకి మాత్రం రాయి తగిలి ఛాంబరు పగిలిందని రాయి. బేరింగులు కొత్తవాటిలా ఉన్నాయని రాయి. ముసలాయన, ఇంకెన్నాళ్ళు మోస్తాడు?"

"అబద్ధం రాయమంటావా?" అన్నాను.

"విప్పకపోతే అబద్ధమెలా అవుతుంది? నిజమే అయ్యుండొచ్చు కదా. నీ చదువులో ఇలాంటివి ఉండవా?"

"కదలకు, చెంప తెగుతుంది" అంది వదిన. తర్వాత నా వైపు తిరిగి, "నాకైతే తెలుసుకోవాలనుంది. నేను గుమ్మంలో ఇంకా గట్టిగా నిలబడాల్సిందో కాదో" అంది.

నువ్వు దాచొద్దన్నావు కాబట్టి ఇదంతా దాచకుండా రాస్తున్నాను. రాయడంతోనే అన్నయ్య నీకివ్వాలనుకున్నదాన్ని నేను పాడుచేశాను. వాడు కోపంతో వద్దనడం లేదు మామయ్యా. ఆరేళ్ళ కిందట ఇంజను విప్పి ఏమీ లేదని చూపించి నిన్ను ఊరు దాటించాడు, ఇప్పుడు విప్పకుండా ఉంచి నిన్ను వెనక్కి తెచ్చుకోవాలనుకుంటున్నాడు.

నాకు నా స్వార్థమూ ఉంది. విప్పితే నీ తీర్పు ఒక్కటే తేలదు, నా పొద్దుటి పూటలూ, నేను చదవకుండా వదిలేసిన పేరా కూడా తేలిపోతాయి. రేకులు మందంగా ఉంటే నువ్వూ నేనూ వదినా ముగ్గురం బయటపడతాం. పల్చగా ఉంటే, వాడు దింపించబోయిన ఇంజనుని మనిద్దరం కలిసి ఆపించామని మిగిలిన జీవితమంతా మనకి తెలిసి ఉంటుంది. నీకు తెలియకుండా ఉండడం కష్టం. తెలిశాక ఉండడం నీకెలా ఉంటుందో నేను ఊహించలేను. నాకెలా ఉంటుందో కూడా.

ఇవాళ పొద్దున మేస్త్రీ పానాలు పరుచుకుని కూర్చున్నాడు. పాత ఇనుము వాడు కూడా తూకం బండితో గేటు బయట నిలబడ్డాడు. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. "చెప్పండమ్మా, విప్పమంటారా, వద్దా?" అన్నాడు మేస్త్రీ. రేపు రమ్మని ఇద్దరినీ పంపించేశాను. నిన్న కూడా అలాగే పంపించాను.

నువ్వు విప్పమంటున్నావు, వాడు వద్దంటున్నాడు, ఇద్దరూ నన్నే నమ్ముకున్నారు. ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు మామయ్యా. రేపు వాళ్ళు వచ్చేసరికి కూడా తెలుస్తుందని అనుకోను.

నీ మేనకోడలు